మంచు కురవని చోట చలి చంపదా?



శీతకాలం వచ్చిన ప్రతిసారీ నాకు అందే ఉత్తరాలలో ఒక వాక్యం తప్పనిసరిగా కనబడుతుంది: “మా వైపు పెద్ద చలి ఉండదండీ.” నా వైద్యవృత్తిలో రోగుల నోట నేను విన్న ప్రమాదకరమైన వాక్యాలలో ఇది ఒకటని ఈ రోజు వాదించదలచుకొన్నాను. ఉదాహరణగా తీసుకొన్న విషయం మీలో చాలామందికి దూరంగా తోచవచ్చు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో విల్లంబులతో జింకల వేటకు వెళ్ళేవారు ఎటువంటి బట్టలు వేసుకోవాలన్నదే ఆ విషయం. అయితే మనిషి చలిని ఎంత తప్పుగా అంచనా వేస్తాడో ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు మరొకటి దొరకలేదు. పైగా ఈ వ్యవహారంలో మొదటి ముద్దాయిని నేనే.

ఆ ఉదయం జరిగినది

ఒక డిసెంబరు నెలలో నేనూ నా భార్యా ఆస్టిన్ నగరంలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాము. మా అల్లుడు పొరుగింటి అమెరికన్ స్నేహితుని వద్ద విలువిద్య నేర్చుకొని, వేటగాళ్ళకు పెట్టే శిక్షణ పూర్తిచేసి, లైసెన్సు తీసుకొని, ఆ ఏడే మొదటిసారి వేటకు వెళ్ళసాగాడు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల అది నేరం. అక్కడ మాత్రం నిర్ణీత కాలంలో, నిర్ణీత సంఖ్యకు లోబడి చట్టబద్ధమే.

తెల్లవారుజామున నాలుగు గంటలకు బయలుదేరుతూ, వంటింట్లో కాఫీ కలుపుకొంటున్న నన్ను చూసి, “బయట నలభై అయిదు ఉందట మామయ్యగారూ, ఈ కోటు చాలుతుందంటారా?” అని అడిగాడు. నలభై అయిదు ఫారన్‌హీట్ అంటే మన లెక్కలో సుమారు 7 డిగ్రీలు. ఒంటిమీద నూలు బనీను, నూలు చొక్కా, జీన్సు ప్యాంటు ఉన్నాయి. పైన పక్షి ఈకలు కూరిన లావుపాటి కోటు. నేను ఆ కోటు అంచు పట్టుకొని చూసి, “మంచేమీ లేదుగా బాబూ, దివ్యంగా చాలుతుంది” అన్నాను.

కారు దిగిన చోటినుంచి అతను ఎక్కవలసిన చెట్టుదాకా అరగంట నడక. నేల ఎగుడుదిగుడు రాళ్ళు. వీపున చెట్టుకు బిగించుకొనే ఇనుప మంచె, చేతిలో విల్లు, ఒంటిమీద ఆ కోటు. చేరేసరికి బనీను చెమటతో ముద్దయింది. పైకెక్కి కూర్చున్నాక మొదట హాయిగానే ఉన్నదట. తెల్లవారుతూండగా ఉత్తరపుగాలి మొదలైంది. ఏడున్నరకు వణుకు పుట్టింది. ఎనిమిదింటికి జింక వచ్చింది. విల్లు లాగబోతే ఉబ్బెత్తు కోటుచేయి అల్లెతాడుకు అడ్డుపడింది, వేళ్ళు మాట వినలేదు. జింక వెళ్ళిపోయింది. తొమ్మిదింటికి దిగిపోదామని చూస్తే రక్షణపట్టీ కొక్కెం ఎలా తీయాలో తోచలేదు. గమనించండి, అప్పటికి తప్పింది చేతిపట్టు ఒక్కటే కాదు, ఆలోచన కూడా. కాస్త దూరంలో మరో చెట్టుపై ఉన్న స్నేహితుడు ఫోను చేస్తే మాటలు ముద్దముద్దగా, పొంతన లేకుండా వచ్చాయి. ఆ పెద్దమనిషి పరుగున వచ్చి, దగ్గరుండి మెల్లగా దింపి, తడిబట్టలు ఊడదీయించి, తన ఉన్ని స్వెట్టరు తొడిగి, కారులో వేడి పెట్టి కూర్చోబెట్టాడు. అంత బాగా ఆలోచించగలిగిన మనిషి తోడు లేకపోతే ఏమయ్యేదో ఊహించడానికి నేను ఇప్పటికీ ఇష్టపడను.

అతని శరీరపు వేడిని అప్పుడు ఎవరూ కొలవలేదు. కాని మొద్దుబారిన వేళ్ళు, ముద్దమాటలు, తోచనితనం అన్నీ కలిస్తే దానికి వైద్యశాస్త్రంలో ఒక పేరుంది. దేహపు లోపలి వేడి 35 డిగ్రీలకంటె దిగిపోయే ఆ స్థితిని హైపోథెర్మియా అంటారు. జీవితమంతా వైద్యం చేసిన నేను ఆ తెల్లవారుజామున కోటు లావు చూశాను గాని, కోటు కింద బనీను ఏ దారంతో నేసినదో చూడలేదు. ఎంతదూరం నడుస్తావని అడగలేదు. ఎంతసేపు కదలకుండా కూర్చుంటావని అడగలేదు. అడగవలసినవన్నీ వదిలిపెట్టి, మంచు ఉందా లేదా అన్న ఒక్కటే చూసుకొన్నాను.

దేహానికి తెలిసిన లెక్క వేరు

నా వాదం ఇది: బట్టను చలినిబట్టి మాత్రమే ఎంచుకోకూడదు. చేసే పనినిబట్టి, పుట్టే తడినిబట్టి ఎంచుకోవాలి.

కదలకుండా కూర్చున్న మనిషి దేహం సుమారు 100 వాట్ల వేడిని పుట్టిస్తుంది. అంటే పాతకాలపు బల్బు ఒకటి వెలిగినంత. అదే మనిషి బరువు మోస్తూ రాతినేలపై నడిస్తే ఆ వేడి నాలుగైదు రెట్లవుతుంది. విలువేటగాడు ఒకే ఉదయంలో ఈ రెండు స్థితులనూ అనుభవిస్తాడు. అరగంట కొలిమిలా మండి, తరువాత మూడు నాలుగు గంటలు బొమ్మలా కూర్చుంటాడు. కూర్చున్నవాడికి సరిపోయే బట్ట నడిచేవాడికి చెమట పట్టిస్తుంది. నడిచేవాడికి సరిపోయే బట్ట కూర్చున్నవాడిని వణికిస్తుంది. ఏ ఒక్క కోటూ ఈ రెండింటికీ చాలదు. దుకాణాలలో కోటుకు చీటీ తగిలించి “ఇన్ని డిగ్రీల వరకు పనిచేయును” అని రాస్తారు. దానిని తొడుక్కొన్న మనిషి నడుస్తున్నాడో కూర్చున్నాడో చెప్పకుండా ఆ అంకెకు అర్థం లేదు.

ఇక తడి సంగతి. బట్ట మనకు వేడినివ్వదు. దాని పోగుల మధ్య చిక్కుకొన్న కదలని గాలి మన వేడిని పోనీయకుండా ఆపుతుంది, అంతే. ఆ గాలి స్థానంలో నీరు చేరితే, నీరు గాలికంటె సుమారు 25 రెట్లు సులువుగా వేడిని లాగివేస్తుంది. పైగా ఒక లీటరు చెమట ఆవిరి కావాలంటే దేహం సుమారు 580 కిలో కెలోరీల వేడిని వదులుకోవాలి. నడిచేటప్పుడు ఈ ఆవిరే మనలను కాపాడుతుంది. కూర్చున్నాక అదే మనలను దోచుకొంటుంది.

తీవ్రమైన చలికంటె ఈ మందచలి మోసకారి అనడానికి కారణం ఇక్కడే ఉంది. సున్నాకు బాగా దిగువన కురిసే మంచు పొడిగా ఉంటుంది, దులిపితే రాలిపోతుంది. 5, 7 డిగ్రీల వద్ద వాన వానగానే పడి బట్టలోకి ఇంకుతుంది. ఉదయం 4 డిగ్రీలు, మధ్యాహ్నం 20 డిగ్రీలు ఉండే రోజులు టెక్సాస్ శీతకాలంలో మామూలే. ఆపైన అక్కడివారు ‘బ్లూ నార్తర్’ అని పిలిచే ఉత్తరపు చలిగాలి కొన్ని గంటలలోనే ఋతువును మార్చివేయగలదు. 1911 నవంబరు 11న పొరుగు రాష్ట్రంలోని ఓక్లహోమా సిటీలో ఒకే రోజున 28 డిగ్రీల వేడి, సున్నాకు దిగువన 8 డిగ్రీల చలి నమోదయ్యాయి. పొద్దున చొక్కాతో తిరిగిన ఊరు అర్ధరాత్రికి గడ్డకట్టింది.

ఇది నా ఒక్కడి అనుభవం నుంచి తీసిన తీర్మానం కాదు. 1997లో ‘లాన్సెట్’ పత్రికలో యూరోవింటర్ బృందం ప్రకటించిన పరిశోధన ఐరోపాలోని వెచ్చని ప్రాంతాలను, చలి ప్రాంతాలను పోల్చి చూసింది. ఉష్ణోగ్రత 18 డిగ్రీలకంటె ఒక్కొక్క డిగ్రీ తగ్గినకొద్దీ మరణాలు దక్షిణ ఫిన్లాండులో 0.27 శాతం పెరిగితే, ఏథెన్సులో 2.15 శాతం పెరిగాయి. వెచ్చని ఊళ్ళోనే చలి ఎక్కువమందిని తీసుకుపోయింది! బయట సరిగ్గా 7 డిగ్రీలు ఉన్నప్పుడు టోపీ పెట్టుకొని తిరిగినవారు ఫిన్లాండులో 72 శాతం, ఏథెన్సులో 13 శాతం. చలి ఊరివాడికి భయం ఉంది గనుక బట్ట ఉంది. వెచ్చని ఊరివాడికి ధీమా ఉంది గనుక బట్ట లేదు. “మా వైపు పెద్ద చలి ఉండదండీ” అన్న వాక్యం ఖరీదు ఇది.

విల్లు పట్టినవాడికి మరికొన్ని చిక్కులు

తుపాకీ వేటగాడు దూరం నుంచి కాల్చగలడు. విల్లు పట్టినవాడికి జింక ఇరవై ముప్పై గజాలలోపుకు రావాలి. అంతవరకు కదలకూడదు, బట్ట చప్పుడు చేయకూడదు. వాన ఆపడానికి పనికొచ్చే గరగరలాడే నైలాను కోటు ఇక్కడ పనికిరాదు. ఉన్నిగాని, ఫ్లీస్ అనే మెత్తని నూగుబట్టగాని చప్పుడు చేయవు.

లావుపాటి చేయి, ఉబ్బెత్తు ఛాతీ అల్లెతాడుకు అడ్డుతగులుతాయి. తాడు బట్టకు తగిలితే బాణం గురి తప్పుతుంది. చలికి బిగుసుకొన్న భుజంతో బలమైన విల్లును ఒక్కసారిగా లాగితే భుజకీలు చుట్టూ ఉన్న కండరాల నరాలు బెణుకుతాయి, ఒక్కొక్కసారి చిరుగుతాయి. నలభై దాటినవారికి ఇది ఇంకా తేలిక.

అన్నిటికంటె ముఖ్యమైనది ఎత్తు. అక్కడి వేటగాళ్ళ ఆసుపత్రి చేరికలకు మంచె మీదినుంచి పడిపోవడం ప్రధాన కారణాలలో ఒకటి. మొద్దుబారిన వేళ్ళతో, మందగించిన బుద్ధితో అంత ఎత్తునుంచి దిగవలసినవాడికి బట్ట అలంకారం కాదు, ప్రాణరక్షణ. పలుచని చొక్కా మీద సరిచూసుకొన్న రక్షణపట్టీ లావుకోటు మీద సరిపోదు. పొరలు మార్చిన ప్రతిసారీ పట్టీని మళ్ళీ సరిచూసుకోవాలి.

పూర్వపక్షాలకు సమాధానాలు

*“నూలు బట్టకు మించినది లేదు, మన తాతలు దానితోనే బతికారు.”* పొందూరు ఖద్దరు మీద, మంగళగిరి నేత మీద నాకూ ప్రేమే. నూలు గొప్పతనం చెమటను పీల్చుకొని, పట్టి ఉంచి, మెల్లగా ఆవిరి చేసి ఒంటిని చల్లబరచడం. మే నెలలో అది వరం, చలిగాలిలో అదే శాపం. అమెరికాలో కొండదారులు నడిచేవారిలో ‘నూలు చంపుతుంది’ అని అర్థం వచ్చే నానుడి ఊరకనే పుట్టలేదు. తాతల మాట ఎత్తితే మన గొర్రెల కాపరులనూ తలచుకోవాలి. తెలంగాణ పల్లెలలో, రాయలసీమ మెట్టలలో వానలో మందతో నిలబడే కాపరి ఒంటిమీద ఉండేది నూలు దుప్పటి కాదు, ఉన్ని గొంగడి. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనాన్ని నిలుపుకొంటుందని ఆయనకు ఏ పత్రికా చెప్పనక్కరలేదు.

*“అయితే ఇంకా లావు కోటు కొంటాను.”* లావు పెంచితే నడకలో చెమట పెరుగుతుంది, మా అల్లుడికి జరిగినదే మళ్ళీ జరుగుతుంది. ఒక లావుకోటుకంటె విప్పి వేసుకొనగల మూడు పలుచని పొరలు మేలు.

*“తలకు టోపీ పెడితే చాలు, వేడి అంతా తలనుంచే పోతుంది.”* పెద్దవారిలో తల దేహపు ఉపరితలంలో దాదాపు పదో వంతు. పోయే వేడి కూడా ఇంచుమించు ఆ పాళ్ళలోనే. టోపీ అవసరమే కాని, టోపీ ఒక్కటే కవచం కాదు.

*“ఒక గుక్క విస్కీ పుచ్చుకొంటే వెచ్చబడుతుంది.”* చర్మంలోని రక్తనాళాలు విప్పారి వెచ్చగా ఉన్నట్లు తోస్తుంది. నిజానికి లోపలి వేడి బయటికి పోతున్నది. ఎత్తైన మంచె మీద, చేతిలో పదునైన బాణంతో ఉన్నవాడికి మద్యం ఎందుకు కూడదో ఇంతకంటె చెప్పాలా?

*“ఆ పొరలన్నీ ధనవంతుల బట్టలు.”* పాత సామాను దుకాణంలో దొరికే ఉన్ని స్వెట్టరు, ఆటలవారు వేసుకొనే పాలియెస్టరు బనీను చాలు. ఆకుల, కొమ్మల బొమ్మలద్దిన ఖరీదైన బట్టలకు పోసే డబ్బు చాలావరకు అనవసరం. జింక కంటికి ఎరుపు, నారింజ రంగుల తేడా మనకు తెలిసినంతగా తెలియదు. దాని దృష్టి కదలికను పట్టేస్తుంది. వణుకు కూడా ఒక కదలికే.

*“జీవహింస చేసేవారికి డాక్టరుగారి సలహాలేమిటి?”* ఇది న్యాయమైన ప్రశ్న. నేను వేటగాడిని కాను, కాబోను. కాని వైద్యుడు రోగి అలవాట్లను చూసి చికిత్స మానడు. మరొక మాట కూడా ఉంది. వణికే చేయి వదిలిన బాణం జింకను చంపదు, గాయపరచి వదిలిపెడుతుంది. ఆ ప్రాణి ఏ పొదలోనో గంటల తరబడి బాధపడి చస్తుంది. వేళ్ళు పట్టుతప్పినవాడు విల్లు ఎత్తకూడదన్నది కరుణ గలవారు కూడా ఒప్పుకోవలసిన నియమం.

మరి ఏమి వేసుకోవాలి?

ఒంటిని అంటే అడుగు పొర పలుచని మెరీనో ఉన్నిదిగాని, పాలియెస్టరుదిగాని కావాలి. ఒంటిని పట్టి ఉండాలి, నూలు కాకూడదు. లోదుస్తులకూ ఇదే నియమం. మధ్య పొరకు ఫ్లీస్ లేదా ఉన్ని స్వెట్టరు, దానిమీద చేతులు లేని కోటు. ఇది మొండేన్ని వెచ్చగా ఉంచి, విల్లు లాగే చేతులను స్వేచ్ఛగా వదులుతుంది. పై పొర గాలిని ఆపేదిగా, బయట మెత్తగా, ముంజేయి దగ్గర బిగువుగా ఉండాలి. విల్లు పట్టిన చేతికి స్లీవు మీద పట్టీ కట్టుకొంటే తాడు తగలదు.

నడిచేటప్పుడు అడుగు పొరతో, మహా అయితే ఒక పలుచని పొరతో నడవండి. మిగిలినవి సంచిలో ఉండాలి. బయలుదేరినప్పుడు కాస్త చలిగా ఉండాలి. హాయిగా ఉన్నదంటే ఎక్కువ వేసుకొన్నారన్నమాట. మెల్లగా నడవండి, పావుగంట ముందే బయలుదేరండి. చెట్టు దగ్గరకు చేరాక కొద్ది నిమిషాలు ఆగి, తడిసిన బనీను విప్పి సంచిలోని పొడిది తొడుక్కోండి. ఈ ఒక్క బనీను మార్పు మా అల్లుడిని ఆ ఉదయం కాపాడి ఉండేది. తరువాతనే మిగిలిన పొరలు, వణుకు పుట్టకముందే వేసుకోవాలి.

చేతులకు పలుచని తొడుగులు, నడుముకు కట్టుకొనే మెత్తని చేతిసంచి. లావు తొడుగులతో తాడు పట్టు తెలియదు. కాళ్ళకు రెండు జతల బిగుతు మేజోళ్ళు వేస్తే రక్తప్రసరణ ఆగి పాదాలు ఇంకా చల్లబడతాయి. ఒక ఉన్ని జత, వదులైన బూటు మేలు. చివరిగా, ఆ పొరలన్నీ వేసుకొని ఇంటి పెరట్లో పదిసార్లు విల్లు లాగి చూడండి. అడవిలో తెలుసుకోవలసిన సంగతి కాదది.

తుపాకీ సీజన్ కూడా నడుస్తున్న రోజులలో నారింజరంగు చొక్కా విషయంలో ఆయా రాష్ట్రాల నియమాన్ని తప్పక పాటించండి. జింకకు కనబడదేమోగాని సాటి వేటగాడికి కనబడుతుంది.

మధుమేహం వల్ల పాదాల స్పర్శ తగ్గినవారు, థైరాయిడ్ మందగించినవారు, గుండెకు బీటా బ్లాకరు మాత్రలు వాడేవారు, అరవై దాటినవారు చలిని ఆలస్యంగా గుర్తిస్తారు, లేదా త్వరగా లొంగిపోతారు. చలిలో రక్తపోటు పెరుగుతుంది. ఛాతీనొప్పి చరిత్ర ఉన్నవారు వైద్యుని అడగకుండా ఇనుప మంచె మోయవద్దు.

గుర్తుపట్టడం, ఆదుకోవడం

వణుకు మొదటి గంట. తరువాత చేతిలోనివి జారిపోవడం, తడబడే అడుగు, ముద్దమాట, కారణంలేని చిరాకు వస్తాయి. వణుకు ఆగిపోయి మనిషి ఇంకా మందకొడిగా ఉంటే, అది కోలుకోవడం కాదు, దేహం ఓడిపోవడం. వెంటనే అత్యవసర సహాయాన్ని పిలవాలి. ఇళ్ళలో ఉండే పాదరసపు థర్మామీటరు 35 డిగ్రీలకంటె దిగువ చూపదు. దానిమీద అంకె చూసి ధైర్యపడవద్దు.

గాలి తగలని చోటికి చేర్చి, తడిబట్టలు తీసి, పొడి ఉన్నితో చుట్టి, మొండెం దగ్గర వెచ్చదనం కల్పించాలి. స్పృహలో ఉండి మింగగలిగితే తియ్యని వేడి పానీయం ఇవ్వవచ్చు. చేతులు కాళ్ళు రుద్దకూడదు, మద్యం ఇవ్వకూడదు.

మనలో వేటకు వెళ్ళేవారు ఏ కొద్దిమందో. కాని లంబసింగి పొగమంచు చూడడానికి నూలు చొక్కాతో తెల్లవారుజామున బైకు ఎక్కే కుర్రవాళ్ళు, చెమట పట్టేదాకా నడిచి పార్కు బల్లమీద అరగంట కబుర్లాడే నా ఈడు పెద్దలు, డాలసులోనో హ్యూస్టనులోనో పిల్లల ఇంటికి ఒక్క లావుకోటుతో విమానమెక్కే తల్లిదండ్రులు, వీరందరూ నేను ఆ ఉదయం చేసిన తప్పే చేస్తున్నారు.

మా అల్లుడు మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళాడు. బయలుదేరేముందు సంచి తెరిచి పొడి బనీను చూపించి, “చూశారా మామయ్యగారూ?” అన్నాడు. ఈసారి నేను కోటు అంచు పట్టుకొని చూడలేదు. “ఎంతదూరం నడుస్తావు, ఎంతసేపు కూర్చుంటావు?” అని అడిగాను. మీ ఇంట్లో ఎవరైనా చలిలోకి బయలుదేరుతుంటే, మంచు ఉందా అని అడగకండి. ఈ రెండూ అడగండి.